పెద్దాసుపత్రి వార్డులో మా మేడమ్: అభినందన సభ ప్రసంగ పాఠం

(ప్రొఫెసర్‌గా పదోన్నతి పొందిన జనరల్ మెడిసిన్ అధ్యాపకురాలికి కర్నూలులో పూర్వ విద్యార్థులు అభినందన సభ జరిపారు. అందులో ఆమె శిష్యుడు, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి మాట్లాడిన మాటలివి. చిన్న చిన్న సవరణలు తప్ప మార్పులు చేయలేదు. మేడమ్ కోరిక మేరకు ఆమె పేరు వేయడం లేదు.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, మా గురువులకు, ముందు వరుసలో కూర్చున్న మేడమ్ ఇంటివాళ్ళకు, వెనక నిలబడ్డ హౌస్ సర్జన్లకు... అదేంటప్పా, కుర్చీలు ఖాళీగా ఉంటే నిలబడతారెందుకు? వచ్చి కూర్చోండి. డ్యూటీ మధ్యలో వచ్చినవాళ్ళు మాత్రం తలుపు పక్కనే ఉండండి. ఫోన్ వస్తే లేచి వెళ్ళిపోండి, మేడమ్ ఏమీ అనుకోరు. వెళ్ళకపోతేనే అనుకుంటారు. (నవ్వులు)

నాకు ముందు మాట్లాడినవాళ్ళు మేడమ్ రాసిన పేపర్ల గురించి, గైడ్ చేసిన థీసిస్‌ల గురించి చెప్పారు. నేను వాటి జోలికి పోను. నేను పత్తికొండ వైపు ఒక పీహెచ్‌సీలో పనిచేస్తున్నాను. కాలేజీలో ఒకరికి ప్రమోషన్ వస్తే ఎక్కడో ఊళ్ళో ఓపీ చూసుకునే నాలాంటివాడికి ఏం సంబంధం? ఆ ఒక్క సంగతి చెప్పి దిగిపోతాను.

అంతకంటే ముందు, ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఈ ప్రమోషన్ సంగతి కొంచెం చెప్పాలి. మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా నాలుగేళ్ళు చేస్తే అసోసియేట్‌కు అర్హత. అసోసియేట్‌గా మూడేళ్ళు చేస్తే ప్రొఫెసర్‌కు అర్హత. మధ్యలో పేపర్లు అచ్చు కావాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వచ్చాక, ఎలా బోధించాలో నేర్పే బేసిక్ కోర్సు ఒకటి చేయాలి. పరిశోధన ఎలా చేయాలో నేర్పే ఆన్‌లైన్ కోర్సు చెన్నైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సంస్థ నడుపుతుంది, అది చేసి పరీక్ష రాయాలి. ఆ పరీక్షకు మేడమ్ తన పీజీలతో పాటు ఒకే హాల్లో కూర్చున్నారు. ముందురోజు రాత్రి మేడమ్‌కు టెన్షన్‌తో నిద్ర పట్టలేదని వాళ్ళ అమ్మాయి చెప్పింది. ఆ మాట విని మా బ్యాచ్ వాళ్ళందరికీ కడుపు నిండిపోయింది. (నవ్వులు)

కాగితం మీద లెక్కేస్తే మొత్తం ఏడేళ్ళు. సర్వీసులో లెక్క అలా నడవదు. ఖాళీ ఉండాలి, సీనియారిటీ జాబితా తేలాలి, దాని మీద ఎవరైనా కోర్టుకు పోతే ఆ కేసు తేలాలి, ప్యానెల్ కూర్చోవాలి. ఇక్కడున్న అధ్యాపకులు నవ్వుతున్నారు చూడండి, వాళ్ళకు తెలుసు. అన్నీ తేలాక ఫైల్లో ఏముంటుంది? సర్వీసు వివరాలు, పేపర్ల జాబితా, కోర్సుల సర్టిఫికెట్లు. అవి అక్కర్లేదని నేను అనను. పేపరు రాయడం తెలియని అధ్యాపకుడు పీజీకి థీసిస్ ఏం చెబుతాడు? కానీ వార్డులో మంచం పక్కన నిలబడి చెప్పిన పాఠం రాసుకోవడానికి ఆ ఫైల్లో గడి లేదు. ఆ గడి నింపడానికే నేనివాళ వచ్చింది.

మన కాలేజీ పుట్టుక మీకు తెలిసిందే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్‌కు పోయింది. మరుసటేడు, 1957లో ఇక్కడ మెడికల్ కాలేజీ మొదలైంది. నన్నడిగితే బేరం మరీ నష్టమేం కాదు. రాజకీయం తెలిసినవాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళతో నాకు పోట్లాట లేదు. జనం మాత్రం కాలేజీని కాలేజీ అనరు, గవర్నమెంట్ జనరల్ హాస్పిటల్ అని అసలే అనరు. పెద్దాసుపత్రి అంటారు. ఆదోని, ఆలూరు, ఆత్మకూరు నుంచే కాదు, తుంగభద్ర దాటి అలంపురం, గద్వాల నుంచి, అటు రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా వస్తారు. ఒకే వార్డులో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వినబడతాయి. ఇంతమంది వచ్చే చోట పాఠానికి కేసుల కరువు ఉండదు. ఆ కేసు దగ్గర పది నిమిషాలు నిలబడి చెప్పే మనిషి కావాలి, అంతే.

నేను థర్డ్ ఇయర్‌లో ఉండగా వార్డుకు ఒక పాముకాటు కేసు వచ్చింది. కాలు వాచి ఉంది. ఏ పామో వాళ్ళు చూడలేదు. మేడమ్ సిస్టర్‌ను ఒక గాజు టెస్ట్ ట్యూబ్ అడిగారు. ప్లాస్టిక్‌ది ఇస్తే తిప్పి పంపారు. సబ్బు నీళ్ళతో కడిగినది ఇస్తే అదీ తిప్పి పంపారు. కడగని, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబే కావాలన్నారు. అందులో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కిటికీ గట్టు మీద నిలబెట్టి, గడియారం చూసి, ఇరవై నిమిషాలు దాన్నెవరూ ముట్టుకోవద్దన్నారు.

పరీక్ష అంతే. ఇరవై నిమిషాలయ్యాక ట్యూబును ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టి ఉంటే సరే. నీళ్ళలా జారితే, విషం గడ్డకట్టే గుణాన్ని తినేసిందని అర్థం. రక్తపింజరో చిన్నపింజరో కరిచి ఉంటుంది, విషానికి విరుగుడు మొదలుపెట్టాల్సిందే. ప్లాస్టిక్ ట్యూబులో మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టదు. సబ్బు మరక ఉన్నా అంతే. ట్యూబు తప్పుదైతే పరీక్ష అబద్ధం చెబుతుంది. ల్యాబ్ లేదు, కరెంటు అక్కర్లేదు, ఖర్చు లేదు.

ఆ ఇరవై నిమిషాలు మేడమ్ ఏం చేశారో చెప్పాలి. టీకి పోలేదు, ఫోన్ చూసుకోలేదు. మా ఎనిమిదిమందినీ ట్యూబు చుట్టూ నిలబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. విరుగుడు మొదటి డోసు పది వయల్స్, అంటే పది చిన్న సీసాలు అని పుస్తకంలో ఉందే, పదే ఎందుకు? మేం తలలు వంచుకున్నాం. రక్తపింజర ఒక కాటుకు సగటున 63 మిల్లీగ్రాముల దాకా విషం దింపుతుంది. ఒక వయల్‌లో 10 మిల్లీలీటర్ల మందుంటుంది, అది 6 మిల్లీగ్రాముల విషాన్ని విరిచేస్తుంది. ఇక లెక్క మీరే వేసుకోండి అన్నారు. తర్వాత, ఐదేళ్ళ పిల్లకు ఎన్ని వయల్స్? మాలో ఒకడు బరువును బట్టి తగ్గించాలన్నాడు. పాము పిల్లని చూసి విషం తగ్గించి కరుస్తుందా నాయనా? అన్నారు. పిల్లకూ పెద్దకూ ఒకే డోసు. ఆ ప్రశ్నకు ఈ జన్మలో నేను జవాబు మరిచిపోను. ఈ సీసాలోకి విషం ఎక్కడి నుంచి వచ్చింది? అది మూడో ప్రశ్న. మద్రాసు దగ్గర ఇరుళ అనే గిరిజనులు 1978లో సొసైటీ పెట్టుకుని, పాములు పట్టి, విషం తీసి, పాముల్ని మళ్ళీ అడవిలో వదిలేస్తారు. దేశంలో విరుగుడు తయారీకి విషం ఎక్కువగా వాళ్ళ దగ్గర నుంచే వస్తుంది. మంచం మీదున్న ముసలాయన ఇదంతా వింటూ ఉన్నాడు. వాళ్ళకు భయం కాదామ్మా? అని అడిగాడు. పాఠం కాసేపు అటు మళ్ళింది.

ట్యూబు వంచితే రక్తం జారింది. మందు మొదలైంది. ఆరు గంటల తర్వాత మళ్ళీ ఇదే పరీక్ష చేసి చెప్పాలి, ఎవరు వస్తారు అని అడిగారు. అంటే రాత్రి తొమ్మిదికి. ఇద్దరం వెళ్ళాం. మేడమ్ అప్పటికే అక్కడున్నారు.

ఇక కట్లపాము సంగతి. జిల్లా డాక్టర్లకు మేడమ్ చేసిన మేలు నా లెక్కలో ఇక్కడే ఉంది. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. దాని విషం కండరాల్ని చచ్చుబడేలా చేస్తుంది, రెప్పలు వాలిపోతాయి. తెల్లారుజామున కడుపునొప్పి అని వస్తారు. గ్యాస్ అని ఒక సూది వేసి పంపిస్తే దారిలోనే ఊపిరి ఆగిపోవచ్చు. మేడమ్ ప్రతి బ్యాచ్‌కూ ఒకటే మాట చెప్పేవారు: తెల్లారుజామున కడుపునొప్పితో వస్తే ముందు రెప్పలు చూడండి, రాత్రి ఎక్కడ పడుకున్నావని అడగండి. పొట్ట తర్వాత నొక్కొచ్చు.

నేను పీహెచ్‌సీలో చేరిన మొదటి ఏడాది, శనక్కాయ నూర్పిళ్ళప్పుడు, ఇంకా చీకటి ఉండగానే బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఒక పిల్లోణ్ణి తెచ్చారు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. కడుపు పట్టుకుని ఉన్నాడు, రెండుసార్లు కక్కుకున్నాడు. రాత్రి బజ్జీలు తిన్నాడు సార్, గ్యాస్ పట్టింది, ఒక సూది వేయండి అని బావ చెబుతున్నాడు. టార్చి వేసి చూస్తే రెప్పలు సగం దిగి ఉన్నాయి. నిద్రమత్తు సార్ అన్నారు. పైకి చూడమంటే కళ్ళు పోలేదు, నుదురు ముడతపడింది. రాత్రి ఎక్కడ పడుకున్నావంటే కల్లంలో అన్నాడు. మంచమా, నేలా? నేల మీదే, గోతం పరుచుకుని. ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమన్నాను. పన్నెండు దగ్గర ఆగిపోయాడు.

విరుగుడు పడకపోతే వేయడానికి అడ్రినలిన్ సిరంజిలో తీసి పక్కన పెట్టుకుని పది వయల్స్ ఎక్కించడం మొదలుపెట్టాం. చచ్చుబడిన కండరాలకు ఇచ్చే నియోస్టిగ్మిన్ మందు నాగుపాముకు పనిచేసినట్లు కట్లపాముకు పనిచేయదు, దాని కోసం కూర్చోవద్దు, ఊపిరి చూడండి అని మేడమ్ చెప్పింది గుర్తుంది. 108 వచ్చేసరికి మాట ముద్ద అయిపోయింది. గొంతులో ట్యూబు వేశాం, మా స్టాఫ్ నర్సు బండిలో ఎక్కింది. కర్నూలు గంటన్నర పైమాట. ఆమె దారి పొడవునా చేత్తో ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ నొక్కుతూనే ఉంది. చెయ్యి మార్చుకోవడానికి డ్రైవర్‌ను బండి ఆపమనే పరిస్థితి కూడా లేదు. ఆ అమ్మ ఇవాళ ఇక్కడికి వచ్చింది, వెనక వరుసలో ఉంది. అమ్మా, ఒక్కసారి లేచి నిలబడండి. (చప్పట్లు)

పిల్లోడు కొన్ని రోజులు వెంటిలేటర్ మీద ఉండి, తర్వాత ఇంటికి నడిచి వెళ్ళాడు. ఇప్పుడు మా ఊళ్ళో ఆటో నడుపుతున్నాడు. నేను కనబడితే చాలు హారన్ కొడతాడు. ఆపమని చెప్పినా వినడు.

ఇది ఒక్కడి కథ అని మీరనొచ్చు. 2020లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని లెక్కగట్టింది. ఏటా సగటున 58,000 మంది. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. 2030 నాటికి ఈ చావుల్ని సగానికి తేవాలని కేంద్రం 2024లో జాతీయ ప్రణాళిక పెట్టుకుంది. ఢిల్లీలో పెట్టుకున్న ఆ ప్రణాళిక నెరవేరాలంటే తెల్లారుజామున పీహెచ్‌సీలో నిద్రకళ్ళతో ఉన్న ఒక డాక్టరు రెప్పలు చూడాలి. వాడికి ఆ సంగతి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాలి. మేడమ్ దగ్గర చదివినవాళ్ళు ఇవాళ ఆలూరులో ఉన్నారు, మంత్రాలయంలో ఉన్నారు, నంద్యాల వైపు ఉన్నారు. కాలేజీలో ఒకరి ప్రమోషన్‌తో నాకేం సంబంధమని మొదట్లో అడిగాను కదా, సంబంధం ఇదే.

పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, మన జిల్లాలో ఇది దాచేసే విషయం కాదు కాబట్టి. విరుగుడుగా అట్రోపిన్ ఇచ్చాక పేషెంటు తేరుకున్నట్లు కనబడతాడు, ఇంటివాళ్ళు గండం గడిచిందనుకుంటారు. ఒక రోజు నుంచి నాలుగు రోజుల లోపు కొందరికి మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడతాయి. 1987లో శ్రీలంక డాక్టర్లు దీన్ని గుర్తించి రాశారు. మేడమ్ రౌండ్లలో అటువంటి ప్రతి మంచం దగ్గరా ఆగి, దిండు మీద నుంచి తల ఎత్తు నాయనా అనేవారు. ఎత్తితే పక్క మంచానికి పోతారు. ఎత్తలేకపోతే ఆ రోజు రౌండ్స్ అక్కడితో ఆగిపోయి ఐసీయూకు ఫోన్ పోతుంది.

ఇంకొకటి. ఎందుకు తాగినావు అని వార్డు మధ్యలో గట్టిగా అడిగే అలవాటు మా స్టూడెంట్లకు ఉండేది. నలుగురి ముందు ఆ ప్రశ్న అడిగితే మేడమ్ అక్కడే ఆపేసేవారు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 115వ సెక్షన్ ఏం చెబుతుందో చదువుకుని రమ్మనేవారు. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే చూడాలి, శిక్షించకూడదు అని అందులో ఉంది. తెర లాగి, కుర్చీ వేసుకుని కూర్చుని, ముందు అన్నం తిన్నావా అని అడిగేవారు. అప్పు సంగతి, ఇంటి సంగతి దానంతటదే వచ్చేది. సైకియాట్రీ డాక్టర్‌ను పిలవకుండా ఒక్కరినీ డిశ్చార్జ్ చేసేవారు కాదు.

2019 బ్యాచ్ నుంచి కొత్త సిలబస్ వచ్చింది. ఫౌండేషన్ కోర్సు, నడవడిక, నీతి, మాటతీరు నేర్పే ఏట్‌కామ్, చేసిన పని రాసి సంతకం పెట్టించుకునే లాగ్‌బుక్, అన్నీ. అది మంచిదే, కానీ లాగ్‌బుక్ అంటే పరీక్షకు వారం ముందు సంతకాల కోసం తిరగడం అని పిల్లలకు తెలిసిపోయింది. మేడమ్ దగ్గర ఆ పప్పులుడకలేదు. సంతకం కావాలా? పేషెంటు పేరు చెప్పు. ఊరు చెప్పు. మంచం నంబరు నాకొద్దు. ఆమెకు అన్నం ఎవరు తెస్తున్నారో చెప్పు. చెప్పలేకపోతే బుక్కు చేతిలోకి కూడా తీసుకోరు. ఒకమ్మాయి అది తెలుసుకోవడానికి వార్డుకు మూడుసార్లు తిరిగి, చివరికి ఆ పేషెంటుకు అన్నం తెచ్చేవాళ్ళు ఎవరూ లేరని కనుక్కుంది. ఆ సంగతి అప్పటిదాకా మా యూనిట్లో ఎవరికీ తెలియదు, మేడమ్‌కు కూడా.

ఆమె సర్వీసంతా కర్నూలులోనే గడవలేదు. అనంతపురం కాలేజీ 2000లో మొదలై ఇంకా నిలదొక్కుకుంటున్న రోజుల్లో అక్కడ చేశారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరు ముంచినప్పుడు ఇక్కడే ఉన్నారు. 2020 ఏప్రిల్, మే నెలల్లో కోవిడ్ కేసులు రాష్ట్రంలోకెల్లా మన జిల్లాలో ఎక్కువగా ఉన్నప్పుడూ ఇక్కడే ఉన్నారు. ఆ రోజుల గురించి మాట్లాడమంటే మేడమ్ మాట మార్చేస్తారు. అందుకే నేనూ మాట్లాడను.

ప్రొఫెసర్ అయితే ఏం మారుతుందో కూడా చెబుతాను, ఇది పిల్లలకు పనికొస్తుంది. కాలేజీలో ప్రొఫెసర్లు, గైడ్లు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి కూడా పీజీ సీట్లు వస్తాయి. కాబట్టి ఇది మేడమ్ ఇంటి పండగ మాత్రమే కాదు, ముందు ముందు ఇక్కడ ఎండీ చదవబోయే పిల్లలకు కూడా ఇందులో భాగముంది. ఇక రెండో పక్క చూస్తే మీటింగులు పెరుగుతాయి. కమిటీలు, తనిఖీలు, విజయవాడ ప్రయాణాలు, ఎగ్జామినర్ డ్యూటీలు. ప్రొఫెసర్ అయ్యాక వార్డుకు దారి మరిచిపోయినవాళ్ళను మనం చూశాం. ఎవరని అడగొద్దు. (నవ్వులు)

మేడమ్, మా బ్యాచ్ తరఫున రెండు కోరికలు. వారంలో ఒక్క రోజైనా రౌండ్స్‌కు మీరే రండి, పీజీలకు వదిలేయకండి. ఆ రోజు ఏ మీటింగ్ పెట్టొద్దని ప్రిన్సిపాల్ గారికి నేను మైకులోనే మనవి చేస్తున్నాను. వారు తల ఊపారు, అందరూ చూశారు కదా? సాక్షులున్నారు. రెండోది, పాముకాటుకు పీహెచ్‌సీలో ఏం చేయాలో ఒక పేజీలో తెలుగులో రాసివ్వండి, మీ మాటల్లోనే. గాజు ట్యూబు, రెప్పలు, పది వయల్స్, పిల్లకూ అదే డోసు, ఊపిరి తగ్గితే ఏం చేయాలి, అంతే చాలు. లామినేషన్ ఖర్చు మా బ్యాచ్‌ది. జూన్‌లో వానలు పడేలోపు జిల్లాలో ప్రతి పీహెచ్‌సీ ఇంజెక్షన్ రూములో గోడకు వేలాడదీస్తాం. ఆదోని వైపు కన్నడంలో కూడా కావాలని అక్కడి డాక్టరు ఇందాకే అడిగారు, అది రాయడానికి ఒకరు ముందుకొచ్చారు. గాజు ట్యూబుల డబ్బాలు కూడా దాంతో పాటు ఇద్దామని అనుకుంటున్నాం. ఎవరైనా చందా ఇవ్వాలనుకుంటే బయట బల్ల దగ్గర మా క్లాస్‌మేట్ పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. అతను మొహమాటపడి అడగడు, మీరే వెళ్ళి ఇవ్వాలి.

నాకిచ్చిన టైమ్ ఎప్పుడో దాటిపోయింది, సెక్రటరీ గారు గడియారం చూపిస్తున్నారు. మేడమ్, మైకు మీకిస్తున్నాను. ఆ పేజీ ఎప్పటిలోగా రాసిస్తారో ముందు తేదీ చెప్పి, తర్వాత మాట్లాడండి.

(నవ్వులు, చప్పట్లు)